మాయాబజార్: కాళ్ళు కనిపించే కాపీ కావాలి

మాయాబజార్ కథ గురించో, నటుల గురించో, పాటల గురించో కొత్తగా చెప్పడానికేమీ లేదు. పాండవులు ఒక్క సీనులో కూడా కనబడరన్న సంగతి దాకా అన్నీ అందరికీ కంఠతా వచ్చినవే. వీసీడీల కాలం నుంచి ఇప్పటి ఫోన్ల దాకా రకరకాల కాపీల్లో ఈ సినిమాను చూడగా చూడగా గట్టిపడిన పేచీ ఒకటుంది, ఇక్కడ రాస్తున్నది దాని గురించే. ఈ సినిమాలో సగం సరదా మోకాళ్ళ కింద ఉంది. ఇప్పటి టీవీలు సరిగ్గా ఆ భాగాన్నే కోసి పారేస్తున్నాయి.

నమ్మకం కుదరకపోతే 'అహ నా పెళ్ళియంట' పెట్టి చూడండి. అక్కడ సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆ తేడాను ముఖంలో చూపించడం ఆవిడకు కనుబొమ ఎగరేసినంత తేలిక. అసలు పనంతా నడకలో చేసింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటం, కుచ్చిళ్ళను ఖాతరు చెయ్యకుండా వేసే అంగ, అంతలోనే అది ముడుచుకుని పెళ్ళికూతురి అడుగైపోవడం. నడుం దాకానే కనిపించే బొమ్మలో ఆ అంగ అడుగుగా మారే క్షణం చిక్కదు. పైన సిగ్గుపడే ముఖం మాత్రం మిగులుతుంది, పాట సగమే నవ్విస్తుంది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే ముచ్చటా ఇంతే. పైన రేలంగి ముఖం, కింద జరిగే పని, రెండూ కలిస్తేనే నవ్వు. దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే మనిషిని తలనుంచి పాదం దాకా ఫ్రేములో నిలబెట్టి ఆడించిన చోట్లు ఈ సినిమాలో బోలెడు.

లెక్క చిన్నదే. 1957 నాటి ఆ బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ తెర వెడల్పు 1.78. పాత బొమ్మను ఉన్నదున్నట్టు పెడితే అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి. 43 అంగుళాల టీవీలో సినిమా మూలకు మూల దాదాపు 36 అంగుళాలే ఉంటుంది. డబ్బులు పోసి కొన్న తెరలో నాలుగో వంతు ఖాళీగా ఉందని ఇంట్లో ఎవరో ఒకరు రిమోట్ అందుకుంటారు. ఇక్కడే చెడుతుంది. 'జూమ్' నొక్కితే పైనా కిందా కలిపి 23 శాతం ఎగిరిపోతుంది: పైన కిరీటాలు, కింద పాదాలు. 'ఫుల్' అనో 'వైడ్' అనో నొక్కితే ఏదీ పోదు కానీ అంతా అడ్డంగా 30 శాతం సాగుతుంది. ఈ సాగుడును ఎస్వీ రంగారావును చూసి పట్టుకోలేం, ఆయన ఎలాగూ భారీ మనిషి. లడ్డూలను చూడాలి. 'వివాహ భోజనంబు'లో పళ్ళెంలో లడ్డూ గుండ్రంగా ఉంటే టీవీ సరిగ్గా ఉన్నట్టు. పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంటే సెట్టింగు మార్చాలి.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. కొన్ని ఫైళ్ళలో నల్లపట్టీలను బొమ్మతో పాటే అచ్చేసి ఉంచుతారు. వాటికి టీవీలో 4:3 (పాత టీవీల ఆకారం) పెడితే బొమ్మ పక్కల నుంచి నొక్కుకుపోయి మనుషులు అగరుబత్తీల్లా నిలబడతారు, లడ్డూ నిలువు గుడ్డవుతుంది. అలాంటి కాపీని 16:9 (ఇప్పటి టీవీ ఆకారం) లోనే వదిలెయ్యాలి. మామూలు ఫైలుకైతే 4:3 గానీ 'ఒరిజినల్' గానీ పెట్టాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వాడేవాళ్ళు 'ఎ' నొక్కుతూ పోతే కొలతలు మారతాయి. 'సి' జోలికి పోకూడదు, అది కత్తెర. ఫైలే కత్తిరించి ఎక్కించిందైతే మాత్రం ఏ మీటా పనిచెయ్యదు. పేర్లు పడే చోట పై వరుస, కింది వరుస అంచుకు తగులుతున్నాయా అని చూస్తే ఆ సంగతి మొదటి రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది.

ఇక 2010లో వచ్చిన రంగుల ప్రింటు. దాన్ని మెచ్చుకోవలసిన చోటు ఉంది. విందు పాటకు రంగు అచ్చొచ్చింది. గారె వేరు, బూరె వేరు, అప్పడం వేరు అని కంటికి ముందే తెలుస్తుంది, చిన్నపిల్లలు తెర ముందు నుంచి లేవరు. పెళ్ళి సందడికీ రంగు నప్పింది. అయితే ఆ మెప్పు ఆ రీళ్ళకే. మిగతా చోట్ల బంగారమంతా ఒకే పసుపు, ఒంటి రంగులన్నీ ఒకే డబ్బాలోంచి తీసినట్టు ఉంటాయి. సరే, అది రుచికి సంబంధించిన మాట. రుచితో పనిలేని నష్టాలు రెండున్నాయి. నిడివి 184 నిమిషాల నుంచి 165కి తగ్గింది. ఆకారాన్ని సినిమాస్కోపుకు మార్చారు. 1.37 బొమ్మను 2.35 వెడల్పుకు నింపాలంటే ఎత్తులో 42 శాతం వదులుకోవాలి. షాటు షాటుకూ ఎక్కడ కొయ్యాలో చూసి సర్దినా, వదిలేది వదలక తప్పదు. ఘటోత్కచుడు పాట మధ్యలో పెరిగి పెద్దవాడవుతాడు. పెరిగేది పైకి. తెర పెరిగింది అడ్డానికి.

రంగు నచ్చకపోతే టీవీలో కలర్ సున్నాకు దించితే పాత సినిమా వచ్చేస్తుందిగా అంటారు కొందరు. చేసి చూస్తే రాదు. రంగు ఎక్కించేటప్పుడు వెలుగు నీడలను కూడా సర్దుతారు, గీతలు తుడుస్తారు. రంగు తీసేశాక మిగిలేది ఆ సర్దిన బూడిద రంగే. బార్‌ట్లే వెలిగించిన నలుపు తెలుపు దాని అడుగున దాక్కుని లేదు. పోయిన 19 నిమిషాలు, పాదాలు ఎలాగూ తిరిగి రావు.

బార్‌ట్లే వెలిగింపు ఏమిటో తెలియాలంటే 'లాహిరి లాహిరి' ఒక్కటి చాలు. తెర మీద వెన్నెల కాయించాడు. ఏ కాపీ పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చే గీటురాయి కూడా ఈ పాటే. నీటి మీద తళుకు ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది. వీడియోను కుదించే పద్ధతి మారని భాగాన్ని దాచుకుని, మారినదాన్నే మళ్ళీ రాస్తుంది. ఇక్కడ నీరంతా మారుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఊపిరాడదు. మూడు గంటల పైచిలుకు సినిమాను 700 ఎంబీ ఫైల్లోకి కుక్కితే సెకనుకు అర మెగాబిట్టు దక్కుతుంది, నీళ్ళు గచ్చు పలకల్లా గడులు కడతాయి. అదే 4.7 జీబీ డిస్కు నిండా ఉంటే సెకనుకు 3.4 మెగాబిట్లు, పడవ నీటి మీదే నడుస్తుంది. పిక్సెళ్ళ కొలత తక్కువైనా బరువున్న ఫైలే మేలు. 'హెచ్‌డీ' అని బోర్డు పెట్టుకున్న పీల ఫైళ్ళను నమ్మొద్దు.

అనుకోకుండా బాగుపడిన సంగతి ఒకటుంది. షార్ప్‌నెస్ తగ్గిస్తే పాత సినిమా ఇంకా మసకబారుతుందని భయం వేస్తుంది, జరిగేది దానికి ఎదురు. షార్ప్‌నెస్ పెంచిన టీవీలో కిరీటం చుట్టూ తెల్లటి గీత, ఆకాశం నిండా చీమలు కనిపిస్తాయి. దాన్ని దించి, కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేసి, ట్యూబులైటు కూడా ఆర్పేస్తే ద్వారక రాత్రికి లోతు వస్తుంది. 50 అడుగులకు 60 అడుగుల చోటులో 300 బొమ్మ ఇళ్ళతో కట్టిన నగరమది, ఆ దీపాలు విడివిడిగా కనిపిస్తాయి. స్మూతింగ్ ఆపకపోతే గాల్లో లేచే లడ్డూల వెనక తోకలు మొలుస్తాయి. చుక్కలను తుడిచే నాయిస్ రిడక్షన్‌ను కూడా పూర్తిగా తీసెయ్యాలని రాసేవాణ్ణే, కానీ పీల ఫైలైతే 'లో'లో ఉంచడమే నయం. గడులకన్నా మసక భరించవచ్చు.

శబ్దం విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. కాపీ 177 నిమిషాలు చూపిస్తే కత్తిరించారని వెంటనే తిట్టుకోకండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును 25కి తిప్పితే 184 నిమిషాలు అంతకే వస్తాయి. కానీ శ్రుతి పెరుగుతుంది, హార్మోనియం మీద ఒక మెట్టుకు కాస్త తక్కువ. ఘంటసాల, లీల పాటలు చెవిలో ఉన్నవాళ్ళకు అది గుచ్చుకుంటుంది. వీఎల్‌సీలో వేగం 0.96కు తగ్గించి, ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ టిక్కు తీసేస్తే గొంతులు వాటి చోటికి దిగుతాయి. ఆ టిక్కు ఉంచితే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి దిగదు. టీవీలో సరౌండ్ కూడా ఆపండి. ఒకే ట్రాకు మీద ఉన్న పాత శబ్దాన్ని అది గదంతా పరిచేస్తే రచయిత పింగళి మాటలు బావిలోంచి వచ్చినట్టుంటాయి. గింబళి, గిల్పం లాంటి మాటల్లో ఒక్క అక్షరం మింగినా నష్టమే.

ఏది పెట్టుకోవాలంటే, పిల్లలకు మొదటిసారి చూపించేవాళ్ళు రంగుల ప్రింటులో విందు పాటతో మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఫోనులో చూసేవాళ్ళకు ఈ గొడవంతా అనవసరం, అంత చిన్న తెర మీద పాదాలు ఉన్నా కనబడవు. పెద్ద తెర ఉండి, రాత్రిపూట మూడు గంటలు దొరికి, నల్లపట్టీలను చూసి విసుక్కోని మనుషులు పక్కనుంటే 184 నిమిషాల నలుపు తెలుపు కాపీ వెతుక్కోండి. మా గదిలో కిటికీ టీవీకి ఎదురుగా ఉంది, పగలు పెడితే 'లాహిరి'లో వెన్నెలకు బదులు మా పరదా కనిపిస్తుంది.