రిచీ స్ట్రీట్ బ్లూటూత్ స్కానర్: పాత పికప్ స్టార్టింగ్ ట్రబుల్‌కి కొనొచ్చా?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఈఎల్ఎం327 అనే, బండి సాకెట్లో గుచ్చి ఇంజిన్ కంప్యూటర్ సమాచారాన్ని ఫోన్లో చూపించే బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చెక్ లైట్ వెలిగిన ప్రతి బండికీ ఇదే మందు అన్నట్టు అమ్ముతారు. కోడ్ (కంప్యూటర్ దాచుకున్న లోపం నంబరు) చదవడానికి మాత్రమే అయితే ఆ డబ్బు కూడా దండగే. సెల్ఫ్ కొడుతుండగా రైల్ ప్రెషర్ (నాజిళ్లకు డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి), ఆర్‌పీఎం, వోల్టేజీ మూడూ ఫోన్లో చూపిస్తుంది చూడండి, ఆ ఒక్క పనికి మాత్రం ఈ ధరలో దీన్ని మించింది లేదు.

ముందు మీ బండికి పనికొస్తుందో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ ఏడాదిని నమ్ముకోవద్దు. చెన్నై, బెంగళూరుల్లో బీఎస్4 (బండి పొగ ప్రమాణం) 2010లోనే వచ్చింది, దేశమంతా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. అందుకే నెల్లూరు నుంచి మాధవరం వచ్చే 2014 మోడల్ పికప్ బీఎస్3 కావచ్చు, అదే ఏడాది ఇక్కడ రిజిస్టరైనది బీఎస్4 కావచ్చు. కంప్యూటర్ లేని పాత మెకానికల్ పంపు బండికి ఇది ఎందుకూ కొరగాదు. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లేది) అయి, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటేనే కొనండి. సాకెట్లో 16వ పిన్నుకి బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తాయి. 6, 14 పిన్నులుంటే క్యాన్ లైను (కంప్యూటర్‌తో మాట్లాడే కొత్త రకం తీగలు), స్కానర్ సాధారణంగా కలుస్తుంది. 7 ఒక్కటే ఉంటే కె-లైను, అంటే పాత రకం తీగ. అందులో కంపెనీ సొంత భాష మాట్లాడే బండ్లు చాలా ఉన్నాయి కాబట్టి, షాపు ముందే గుచ్చి చూడందే డబ్బు ఇవ్వొద్దు.

24 వోల్టుల లారీకి దీన్ని పెట్టనే వద్దు. ఇది 12 వోల్టుల కోసం తయారైనది, లోపలి రెగ్యులేటర్ కాలిపోవచ్చు. అదీగాక పెద్ద లారీల కోడ్‌లు చాలావరకు పీ అక్షరంతో రావు. జే1939 అనే లారీల పద్ధతిలో ఎస్‌పీఎన్ (ఏ భాగం), ఎఫ్ఎంఐ (ఏ రకం లోపం) అని జంట అంకెలుగా వస్తాయి. ఎస్‌పీఎన్ 157 అంటే రైల్ ప్రెషర్, పక్కన ఎఫ్ఎంఐ 18 ఉంటే ప్రెషర్ తక్కువ, 3 లేదా 4 ఉంటే వైరింగ్ సంగతి. దానికి వేరే స్కానర్ కావాలి.

డబ్బా మీద వెర్షన్ 1.5 అనో 2.1 అనో ఉంటుంది. అసలు చిప్ తయారుచేసిన కెనడా కంపెనీ 1.5 అనే వెర్షన్‌నే విడుదల చేయలేదు, అంటే అది పక్కా నకలు. విచిత్రం ఏమిటంటే 2.1 అని రాసుకున్న నకళ్లలో చాలావాటికి కొన్ని ఆదేశాలే తెలియవు, ఈ 1.5 నకలే నయం. బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొంటే కలవదు, వైఫై రకమో, బ్లూటూత్ ఎల్ఈ రకమో తీసుకోవాలి.

ఇక పని. స్కానర్ పెట్టే ముందు మల్టీమీటర్ తీయండి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగుతుంటే కోడ్‌ల జోలికి వెళ్లకండి. బ్యాటరీ బాగానే ఉండి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ఎర్త్ చూడాలి. మీటరు ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ సీసపు పోల్ మీద, క్లాంప్ మీద కాదు, పోల్ మీదే నొక్కిపట్టండి. రెండోది ఇంజిన్ బ్లాకులో రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ పోయినట్టే. చెన్నై ఉప్పుగాలికీ డిసెంబరు వరద నీళ్లకీ ఆ పట్టీ లోపల పచ్చగా చిలుమెక్కి ఉంటుంది, పైకి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది.

ఇప్పుడు స్కానర్ గుచ్చి కోడ్‌లు ఫోటో తీసుకోండి, వెంటనే చెరిపేయకండి. చెరిపితే ఆ క్షణాన ఇంజిన్ స్థితిని దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. పీ0562 ఉంటే వోల్టేజీ తక్కువని అర్థం. దాన్ని సరిచేయకముందే మిగతావాటి వెంట పడొద్దు, వాటిలో సగం దాని పిల్లలే. పీ0380 హీటర్ ప్లగ్ కోడ్. కామన్ రైల్ ఇంజిన్ చెన్నై జనవరి చలికి కూడా హీటర్ ప్లగ్ లేకుండానే స్టార్ట్ అవుతుంది, కాబట్టి ఇక్కడ స్టార్టింగ్ ట్రబుల్‌కి ఆ కోడ్‌ని చూపించి నాలుగు ప్లగ్గులూ మార్చమంటే ఆలోచించండి. పీ0192, పీ0193 వస్తే రైల్ సెన్సార్ సర్క్యూట్, అంటే వైరు, కప్లర్, సెన్సార్. పీ0087 వస్తే ప్రెషర్ తక్కువని, కానీ ఎందుకు తక్కువో అది చెప్పదు. పంపు పోయిందని దాని మీద ఎక్కడా రాసి ఉండదు.

అందుకే లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు మారే రీడింగులు. టార్క్ అనే ఫోన్ యాప్‌లో మూడంటే మూడే మీటర్లు పెట్టండి: ఆర్‌పీఎం, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, వోల్టేజీ. పది పెడితే ఈ చవక చిప్ నత్తనడక నడుస్తుంది, అసలు క్షణం దాటిపోతుంది. ప్రెషర్ కిలోపాస్కల్స్‌లో వస్తుంది, వందతో భాగిస్తే బార్. ఇంజిన్ ఆపి గంట అయ్యాక తాళం ఆన్ చేసి చూస్తే సున్నాకి దగ్గరగా ఉండాలి. అప్పుడే 40, 50 బార్ చూపిస్తుంటే సెన్సార్ అబద్ధం చెబుతోంది.

తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ వేగం కొలిచేది) లేదా దాని వైరు, తోడుగా పీ0335 రావచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కనెక్షన్ తెగిపోతుంటే మళ్లీ బ్యాటరీ వైపు చూడండి. ఆర్‌పీఎం 200 దాకా ఉండి ప్రెషర్ వంద బార్ దాటకపోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నాజిళ్లను తెరవదు. చాలా ఇంజిన్లకు కనీసం 150 నుంచి 200 బార్ కావాలి, ఐడిల్‌లో 250 నుంచి 350 ఉంటుంది. ప్రెషర్ సరిపడా వచ్చినా స్టార్ట్ కాకపోతే నాజిళ్ల వైరింగ్, క్యామ్ సెన్సార్ వైపు వెళ్లాలి.

ప్రెషర్ నెమ్మదిగా ఎక్కితే, అదీ పొద్దున మాత్రమే అయితే, గాలి పట్టినట్టు అనుమానించండి. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య అడుగు పొడవు పారదర్శక డీజిల్ గొట్టం వేసి చూడండి. బుడగలు వస్తే వాటర్ సెపరేటర్ ఓ-రింగు, హ్యాండ్ పంపు, బ్యాంజో బోల్టుల రాగి వాషర్లు, ట్యాంకు పైపు పగుళ్లు, ఈ క్రమంలో వెతకండి. డీజిల్ కారకపోయినా గాలి పీల్చగలవు, ఎందుకంటే అది సక్షన్ వైపు. శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ఫిల్టర్‌కి నేరుగా గొట్టం ఇస్తే స్టార్ట్ అయిందా? అయితే తప్పు ట్యాంకు నుంచి ఫిల్టర్ మధ్యే ఉంది.

వేడిమీదే మొరాయిస్తే కథ వేరు. వేడి డీజిల్ పల్చబడి అరిగిన నాజిళ్లలోంచి రిటర్న్‌కి, అంటే ట్యాంకుకి తిరిగి వెళ్లే గొట్టంలోకి పోతుంది. రిటర్న్ గొట్టాలు పీకి నాలుగు సీసాల్లో పెట్టి, ఐడిల్‌లో ఒకే సమయం నడపండి. మిగతావాటికి రెండింతలు నింపిన నాజిల్ దొంగ. పంపు విప్పేది ఈ పరీక్ష తర్వాతే.

పాత మెకానికల్ పంపు అలవాటుతో కొందరు నాజిల్ నట్టు వదులు చేసి గాలి తీస్తారు. కామన్ రైల్‌లో ఇది ప్రాణాంతకం. నడుస్తుంటే ఆ పైపులో వెయ్యి బార్ దాటవచ్చు, సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. గాలి తీయడం తక్కువ ప్రెషర్ వైపు హ్యాండ్ పంపుతోనే.

ఈ స్కానర్‌తో జరగని పని ఒకటుంది. కొత్త నాజిల్ వేస్తే దాని తల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది, చాలా ఇంజిన్లలో దాన్ని ఈసీయూలో ఎక్కించాలి. దానికి వర్క్‌షాప్ యంత్రమే కావాలి. ఎక్కించకపోతే ఐడిల్ ఊగుతుంది, పొగ వస్తుంది. నాజిల్ మార్చే ముందే ఆ ఎక్కించడం కూడా బిల్లులో ఉందో లేదో అడగండి.

పని కాగానే స్కానర్ పీకేయండి. 40, 50 మిల్లీయాంపులు లాగుతూ ఉంటుంది, రోజుకి దాదాపు ఒక ఆంపియర్ అవర్. వారం నిలిపిన పాత బ్యాటరీకి అదే చాలు, సోమవారం పొద్దున సెల్ఫ్ టిక్ టిక్ అంటుంది.