ఫ్లాష్ లేని కచేరీ ఫొటోలకు 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్: ఏళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

పాడుతున్న మనిషి ముఖం మీద ఫ్లాష్ కొట్టడం మర్యాద కాదన్న మాట అటుంచినా, దానివల్ల ఫొటోకు ఒరిగేది కూడా ఏమీ లేదు. వేదిక మీద రంగులతో, నీడలతో ఏర్పరచిన వాతావరణమంతా ఆ ఒక్క తెల్లటి మెరుపుతో చెరిగిపోతుంది. పైగా చాలా పెద్ద కచేరీల్లో ఫొటోగ్రాఫర్లకు మొదటి మూడు పాటల వరకే, అదీ ఫ్లాష్ వాడకూడదన్న షరతుతోనే అనుమతి ఇస్తారు. ఉన్న వెలుతురుతోనే పని జరుపుకోవలసిన ఇటువంటి చోట్ల కొన్నేళ్లుగా నేను ఎక్కువగా వాడుతున్నది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు తగిలించిన 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. ఎఫ్ పక్కన ఉన్న అంకె చిన్నదైనకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుని ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఈ తరహా లెన్స్‌ను పేరున్న కెమెరా కంపెనీలు చాలావరకు తయారుచేస్తున్నాయి కాబట్టి, ఇక్కడ రాస్తున్నదానిలో అధిక భాగం ఏ కంపెనీ లెన్స్‌కైనా వర్తిస్తుంది.

ఎఫ్/2.8 జూమ్‌తో పోలిస్తే ఈ లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు 2.4 రెట్లు, ఎఫ్/4 జూమ్‌తో పోలిస్తే దాదాపు 5 రెట్లు. అంటే ఎఫ్/2.8 జూమ్‌తో షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర ఆగిపోయే చోట, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) మార్చకుండానే ఇది 1/250 దాకా తీసుకువెళ్తుంది. ఈ మిగులును దేనికి ఖర్చుపెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలకు, అంటే నాయిస్‌కు, భయపడి చాలామంది దీనిని ఐఎస్ఓ తగ్గించుకోవడానికి వాడుకుంటారు, కానీ నా అభిప్రాయంలో అది వృథా ఖర్చు. రా ఫైలులో (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలులో) తీసిన ఐఎస్ఓ 6400 నాయిస్‌ను ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు శుభ్రం చేస్తాయి గాని, తల ఊపినప్పుడు చెదిరిపోయిన కళ్లను నమ్మదగినట్టుగా తిరిగి నిలబెట్టడం వాటివల్ల కాదు. అందుకే గాయకులకు 1/250కి, డ్రమ్స్ వాయించేవారికి 1/500కి తగ్గకుండా చూసుకుని, ఐఎస్ఓను దాని దారిన పోనిస్తాను. 1/500లోనూ డ్రమ్ కర్రల కొసలు కొద్దిగా చెదురుతాయి, అయితే ఆ మాత్రం చెదరడం ఫొటోకు ఊపునిస్తుందే తప్ప చెరుపు చేయదు. కెమెరాలోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గాని ఎదుటివారి కదలికను ఆపదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఈ లెన్స్‌తో నిజమైన ఇబ్బంది ఫోకస్ దగ్గర వస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి 13 సెంటీమీటర్లకు మించదు. గాయని పెదవులకు ఆనించి పట్టుకున్న మైకు ఆ కొద్దిపాటి లోతులో సగానికి పైగా తినేస్తుంది. ఎదురుగా నిలబడి తీస్తే మైకు జాలీలోని ఒక్కొక్క తీగనూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వస్తుంది, వెనుక కనురెప్పలు మాత్రం మెత్తబడిపోతాయి. ముఖం కంటే మైకు మీదే కెమెరాకు భక్తి ఎక్కువ. కంటిని గుర్తించే ఆటోఫోకస్ ముఖం మీద వెలుగు ఉన్నంతసేపు చక్కగా పనిచేస్తుంది; వెనుక నుంచి మాత్రమే దీపాలు పడుతున్నప్పుడో, జుట్టు కంటికి అడ్డం వచ్చినప్పుడో తడబడుతుంది. అటువంటప్పుడు చిన్న ఫోకస్ బిందువును నేరుగా కంటి మీద పెట్టడం, కాస్త పక్కకు జరిగి నిలబడడం, రెండు చరణాల మధ్య గాయని మైకు నుంచి ముఖం వెనక్కి తీసే క్షణం కోసం వేచి ఉండడం, ఈ మూడూ కలిస్తేనే ఫలితం కనిపిస్తుంది. వెలుతురు అనుమతిస్తే లెన్స్ తెరుపును ఎఫ్/2.2కు తగ్గిస్తాను. అప్పుడు లోతు పెరిగేది మూడు సెంటీమీటర్లే అయినా, కన్నూ మైకూ రెండూ దక్కడానికి ఒక్కోసారి అదే చాలు.

ఎల్ఈడీ దీపాల కింద ఏ లెన్స్ అయినా నిస్సహాయమే. ముదురు నీలం, ఎరుపు కాంతుల్లో ఒక్క రంగు చానెల్ మాత్రమే నిండి పొంగిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫ్) అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తుంది కాబట్టి మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌నే చూడాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ (తెరలేవీ కదలకుండా సెన్సరే చప్పుడు లేకుండా ఫొటో తీసే పద్ధతి) వాడితే ఈ దీపాల మిణుకు వల్ల ఫొటోలో అడ్డచారలు పడతాయి. తెరలు కదిలే మెకానికల్ షట్టర్‌తో ఆ బెడద చాలావరకు తగ్గుతుంది, కానీ వయొలిన్ ఒక్కటే మంద్రంగా వినిపిస్తున్న చోట ఆ షట్టర్ చప్పుడు పక్కవారిని మన వైపు తిప్పుతుంది. ఎక్స్‌పోజర్ పూర్తిగా మాన్యువల్‌లోనే పెడతాను. ఆటోకు వదిలేస్తే, వెనుక ఉన్న చీకటిని చూసి వెలుతురును కొలిచే మీటర్ మోసపోయి ముఖాన్ని తెల్లగా మాడ్చేస్తుంది.

లెన్స్‌లో లోపాలు లేకపోలేదు. పూర్తిగా తెరిచినప్పుడు మైకు స్టాండు వంటి మెరిసే లోహపు అంచులకు ముందువైపు ఊదా, వెనుకవైపు ఆకుపచ్చ ఛాయలు అంటుకుంటాయి, ఎఫ్/2.8 దగ్గరకు వచ్చేసరికి అవి బాగా తగ్గుతాయి. ఎదురు దీపం సూటిగా లెన్స్‌లో పడితే ఫొటో అంతటా పాలిపోయిన తెర కమ్ముతుంది. అందువల్ల లెన్స్ ముందు పక్క వెలుతురును అడ్డుకునే హుడ్ తీయకూడదు, దీపాల ప్రతిబింబాలు తెచ్చిపెట్టే యూవీ ఫిల్టర్‌ను వేదిక దగ్గర వాడకపోవడమే మేలు. ఎఫ్/1.4 లెన్స్ కొంటే ఇంకా సుమారు 1.65 రెట్ల వెలుతురు దొరుకుతుంది గాని, బరువూ ధరా బాగా పెరుగుతాయి, ఫోకస్ లోతు మరింత పలచబడుతుంది. కచేరీల కోసమైతే ఆ మార్పిడి నాకు గిట్టుబాటుగా అనిపించలేదు.

ఒంటరి గాయకులకు, వాద్యకారుల ముఖాలకు, తీగల మీద కదిలే వేళ్లకు ఈ లెన్స్ సరిగ్గా సరిపోతుంది. బృందమంతా ఒకే ఫ్రేములో కావాలనుకునేవారికి మాత్రం ఇది పనికిరాదు. ఆ అవసరానికి నేను 35 ఎంఎం లెన్స్‌ను రెండో కెమెరాకు తగిలించి ఉంచుకుంటాను, ఎందుకంటే చీకట్లో, జనం మధ్య లెన్స్‌లు మార్చడం సెన్సర్ మీదికి దుమ్మును పిలవడమే. 1.5 క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా వాడేవారికి ఇది దాదాపు 128 ఎంఎం లెన్స్ ఇచ్చే దృశ్యాన్నే ఇస్తుంది కాబట్టి, చిన్న హాళ్లలో తీసేటప్పుడు 50 ఎంఎం ఎఫ్/1.8తో మొదలుపెట్టడం మంచిది.