కొర్లగుంటలో మా ఇంటి దగ్గరి ల్యాబ్: రిపోర్ట్ లేటు, మాట మాత్రం నిజం

నేను తిరుమల కొండకు జీపు తోలతా. పైన మందు నిషేధం, అలిపిరిలో చెకింగ్ సరేసరి, కాబట్టి పగలంతా ముట్టను. రాత్రి బండి పెట్టినాక మాత్రం ఆఫ్ బాటిల్ పడందే ముద్ద దిగేది కాదు. పన్నెండేళ్ల అలవాటు. ఊరికే ఆయాసం వస్తా ఉందని మా ఇంటామె పోరుపెడితే జనవరిలో ఈ ల్యాబ్‌కి పోయినా.

ముందు తిట్టేది తిట్టేస్తా. సాయంత్రం నాలుక్కి రిపోర్ట్ అని చెప్పి ఎనిమిదిన్నర చేసినారు. ఒక ట్రిప్పు పోయింది. సీబీసీ అంటే రక్తకణాల లెక్క టెస్టు, దానికి పరగడుపు అక్కర్లేదంట, ఆ ముక్క ఎవురూ చెప్పక పొద్దున కాఫీ కూడా లేకుండా కూర్చున్నా.

హిమోగ్లోబిన్ 13.8. రక్తం బాగానే ఉందిలే అని కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతే, రక్తం తీసిన పాప ఆపింది. "అన్నా, ఎంసీవీ 108 ఉంది చూడు." ఎర్రకణం సైజంట అది, 80 నుంచి 100 లోపల ఉండాలంట. "మందు అలవాటుందా?" అనింది గొంతు తగ్గించి. పక్కనే మా ఇంటామె. ఇంకేం దాచేది?

లోపలికి పిలిచి మైక్రోస్కోపులో స్లైడ్ చూపించింది. మధ్యలో ఊదారంగు గుండు, అది చిన్న తెల్లకణం లోపలి కేంద్రకమంట. మామూలు ఎర్రకణం ఇంచుమించు అంతే ఉండాల. నావి దాన్ని మించి, గుండ్రంగా పరుచుకోని ఉండాయి. కొన్నిటికి నడిమధ్య నోరు తెరిచినట్టు చీలిక.

డాక్టరు బీ12, ఫోలేట్, థైరాయిడ్, లివర్ అన్నీ చూసి, ఇది మందు పనే అన్నాడు. ఎముక మజ్జలో కణం తయారయ్యే చోటే దెబ్బ కొడతాదంట, రక్తం తగ్గకముందే సైజు పెరగతాదంట. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వస్తాయని మాత్రలిచ్చి, చూసుకుంటా మాన్పించినాడు.

నెలకే మళ్లీ టెస్టుకి పోతే ఆ పాపే వద్దనింది. "పెద్దయిన కణం సన్నబడదన్నా. 120 రోజులు బతికి పోవాల, కొత్తవి రావాల. ఇప్పుడు చేస్తే డబ్బులు దండగ." వచ్చే బేరాన్ని వెనక్కి పంపే ల్యాబ్‌ని నేనింకోటి చూడలేదు. జూన్‌లో చేయిస్తే ఎంసీవీ 96.

నాలుగు స్టార్లు. జీపు పెట్టే జాగా లేదు, రెండు సందుల అవతల ఆపి నడవాల.