బొలెరోనా, రాంచెరానా: 1950ల మెక్సికో రేడియో పాట
ఆ తరహా పాట కావాలంటే బొలెరో అనే ప్రేమపాటైనా ఎంచుకోవాలి, రాంచెరా అనే పల్లెపాటైనా ఎంచుకోవాలి. బొలెరోది తాళంలో నాలుగు దెబ్బల నింపాది నడక. ట్రియో లోస్ పాంచోస్ అనే ముగ్గురు గాయకుల బృందం పద్ధతిలో అయితే మూడు గొంతులు, రెండు గిటార్లు, ఒక రెకింతో (చిన్న గిటార్). రెకింతో శ్రుతి మామూలు గిటార్ కన్నా ఐదు అర స్వరాల మెట్లు పైన. అది దొరక్కపోతే గిటార్‌కి 5వ ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే శ్రుతి కలుస్తుంది గానీ, పై స్వరాలకి చోటు చాలదు. గొంతు చించుకుంటే బొలెరో పాడైనట్టే. మైకు దగ్గర మెల్లగా పాడాలి.

రాంచెరా అలా కాదు, ఎలుగెత్తి పాడాల్సిందే. వాల్ట్జ్ నడకైతే మూడు దెబ్బలు, పోల్కా అయితే రెండు. వయొలిన్లు, ట్రంపెట్లు సరే, అసలు పట్టు గితార్రోన్ అనే పెద్ద మంద్ర గిటార్‌దే. దాని తీగలు రెండేసి కలిపి లాగాలి, ఒకే స్వరం రెండు స్థాయిల్లో పలికేలా. ఒక్క తీగే మీటితే ట్రంపెట్ల హోరులో మునిగిపోతుంది.

రెండూ కావాలంటే మెక్సికో గాయకుడు హవియెర్ సోలీస్ పాడిన బొలెరో రాంచెరో ఉంది: బొలెరో నడక, మరియాచీ మేళం (పైన చెప్పిన వయొలిన్లు, ట్రంపెట్లు, గితార్రోన్).