లిత్వినోవ్ బాటా, మోలొటోవ్ సంతకమా: సోవియట్‌కు ఏది మేలు?

హిట్లర్ ఒక్కో దేశాన్నీ మింగుతూ వస్తున్న రోజుల్లో మాస్కో ముందు రెండు దారులున్నాయి. బ్రిటన్, ఫ్రాన్స్‌లతో కలిసి నాజీలకు అడ్డుకట్ట వేయడం ఒకటి. విదేశాంగ కమిసార్ (మంత్రి) లిత్వినోవ్ పట్టుబట్టిన ‘సమష్టి భద్రత’ అదే. రెండోది, ఆయన స్థానంలోకి వచ్చిన మోలొటోవ్ 1939 ఆగస్టు 23న జర్మనీతో చేసుకున్న నిర్యుద్ధ సంధి.

మొదటి దారిలో సోవియట్ చాలా దూరమే నడిచింది. 1934లో నానాజాతి సమితిలో చేరింది. 1935లో ఫ్రాన్స్‌తోనూ, చెకొస్లొవేకియాతోనూ ఒడంబడికలు చేసుకుంది. కానీ ఫ్రాన్స్ ముందు కదిలితేనే చెక్‌లకు సోవియట్ సాయం అందుతుందన్నది అందులో షరతు. 1938లో చెక్ భూభాగాన్ని హిట్లర్‌కు అప్పగించిన మ్యూనిక్ సమావేశంలో ఫ్రాన్స్ కదలలేదు సరికదా, సోవియట్‌ను ఆ చర్చలకు పిలవనే లేదు. 1939 ఏప్రిల్‌లో లిత్వినోవ్ మూడు దేశాల కూటమిని ప్రతిపాదిస్తే లండన్ నానబెట్టింది. మే 3న ఆయన పదవి పోయింది. ఆగస్టులో బ్రిటన్, ఫ్రాన్స్‌ల సైనిక బృందం తాపీగా ఓడలో వచ్చింది. బ్రిటిష్ అడ్మిరల్ డ్రాక్స్ చేతిలో సంతకం పెట్టే అధికారపత్రం కూడా లేదు. ‘మా సేనలకు పోలండ్ దారి ఇస్తుందా?’ అని సోవియట్ రక్షణ కమిసార్ వొరొషిలోవ్ అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఇందులో స్టాలిన్ స్వయంకృతం కూడా ఉంది. తన అయిదుగురు మార్షళ్లలో ముగ్గుర్ని తానే బలి తీసుకుంటే, ఆ సైన్యం సత్తాను బయటివాళ్లు ఎలా నమ్ముతారు?

అందుకే సంధిని సమర్థించేవాళ్ల వాదనను నేను కొట్టిపారేయను. సరిగ్గా అప్పుడే తూర్పున మంగోలియా సరిహద్దులోని ఖల్ఖిన్ గోల్ దగ్గర జపాన్‌తో పోరు సాగుతోంది. రెండు వైపులా యుద్ధం ఎవరికైనా భయమే. 22 నెలల గడువు దొరికింది, సరిహద్దు పడమటికి జరిగింది.

అయితే ఆ గడువు ఎవరికి ఎక్కువ కలిసొచ్చింది? 1939లో ఫ్రెంచి సైన్యం చెక్కుచెదరకుండా ఉంది. పెట్టుబడిదారీ దేశాలు ఏళ్ల తరబడి కొట్టుకుని నీరసపడతాయని స్టాలిన్ లెక్క వేసుకున్నాడు. తూర్పున బెంగ లేని హిట్లర్ 1940లో ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టాడు. సోవియట్ ధాన్యం, చమురు జర్మనీకి రైళ్లలో వెళ్తూనే ఉన్నాయి. పాత సరిహద్దు కోటల్లోని ఆయుధాలు పీకేశారు, కొత్తవి పూర్తికాలేదు. టోక్యో నుంచి సోవియట్ గూఢచారి జోర్గే పంపిన హెచ్చరికలను నమ్మలేదు. 1941 జూన్ 22న ఒక్కరోజులోనే వెయ్యికి పైగా సోవియట్ విమానాలు ధ్వంసమయ్యాయి.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది ఆ సంధికి జతచేసిన రహస్య ప్రోటోకాల్ (తూర్పు ఐరోపాను ఇద్దరూ పంచుకున్న పత్రం). యుద్ధానికి దూరంగా ఉండటం వేరు, పొరుగు దేశాలను పంచుకోవడం వేరు. సెప్టెంబరు 17న ఎర్రసేన పోలండ్‌లోకి నడిచింది. మరుసటి ఏడు మూడు బాల్టిక్ దేశాలు పోయాయి. కటిన్ అడవిలోనూ ఇతర చోట్లా సుమారు 22 వేల మంది పోలిష్ బందీలను కాల్చి చంపారు. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ కమ్యూనిస్టుల్లో కొందరిని తిరిగి నాజీ రహస్య పోలీసు గెస్టపోకే అప్పగించారు. ఫాసిజం మీద పోరాటమే ఊపిరిగా బతికినవాళ్లకు దీన్ని మించిన ద్రోహం ఏముంటుంది?

ఆ కుదుపు మన దాకా వచ్చింది. 1939లో ‘సామ్రాజ్యవాద యుద్ధం’ అని ఎదిరించి అజ్ఞాతంలోకి వెళ్లిన ఆంధ్ర కమ్యూనిస్టులు, హిట్లర్ సోవియట్ మీద పడ్డాక అదే యుద్ధాన్ని ‘ప్రజాయుద్ధం’ అనాల్సి వచ్చింది. అదీ ఊరూరా క్విట్ ఇండియా మార్మోగుతున్న 1942లో.

నా మట్టుకు నాకు లిత్వినోవ్ దారే మేలు. లండన్ ఎంత సాగదీసినా ఆ తలుపు మూయకుండా ఉండాల్సింది. అది కుదరకపోతే తటస్థంగా నిలబడాల్సింది, ఆ రహస్య కాగితం మీద మాత్రం సంతకం పెట్టకూడదు. హిట్లర్ దాడి చేసిన మూడు వారాలకే, 1941 జూలై 12న, బ్రిటన్‌తో కలిసి పోరాడే ఒప్పందం మీద మాస్కోలో సంతకం చేసింది మోలొటోవే. ఆ ఏడాది చివర్లో లిత్వినోవ్‌ను వెనక్కి పిలిచి వాషింగ్టన్‌కు రాయబారిగా పంపారు.