స్ట్రాబెర్రీకి వేలాడే బుట్టా, గ్రో బ్యాగా? మొదటిసారి పెంచేవాళ్లకి ఏది మేలు?

లంబసింగి చలికి స్ట్రాబెర్రీ బాగానే పండుతోంది. హైదరాబాద్ బాల్కనీలో మాత్రం దానికి దొరికే చల్లదనం అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా, అంతే. ఎండలు ముదిరితే పూత తగ్గిపోతుంది. ఉన్న నాలుగు నెలల్లోనే పండు చేతికి రావాలి కాబట్టి, మొక్కను దేంట్లో పెడుతున్నామన్నది ముందే ఆలోచించుకోవాలి. విత్తనాల జోలికి వెళ్లకండి, వాటితోనే సీజన్ గడిచిపోతుంది. నర్సరీలో వేరు పట్టిన మొక్కలే తెచ్చుకోండి.

వేలాడే బుట్టలో నాకు బాగా నచ్చేది, కాయ గాల్లో ఉండటం. తడి మట్టికి ఆనుకున్న పండుకి బూడిద రంగు బూజు ఇట్టే పట్టేస్తుంది. బుట్ట అంచు మీదుగా కిందికి జారిన పండుకి ఆ బాధ తక్కువ. నత్తలు అంత తేలిగ్గా ఎక్కలేవు. పైగా నేల మీద చోటు అక్కర్లేదు.

చిక్కంతా నీళ్లతోనే. ఇనుప తీగ బుట్టలో కొబ్బరి పీచు పరిచి అమ్ముతారే, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. కానీ నాలుగు వైపులా గాలి ఆడి తొందరగా ఎండిపోతుంది. మేం సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి మా బుట్టలో ఆకులు అప్పడాల్లా అయిపోయాయి. పిందెలున్న మొక్కలు, చాలా బాధేసింది. గబగబా నీళ్లు పోస్తే అన్నీ పక్కల నుంచి కారిపోయాయి, వేలు పెట్టి చూస్తే మధ్యలో నింపిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పొడిగానే ఉంది. అలాంటప్పుడు పైనుంచి పోసి లాభం లేదు. బుట్టను బకెట్ నీళ్లలో దించి, బుడగలు ఆగేదాకా ఉంచితేనే లోపలిదాకా తడుస్తుంది.

అదే ప్లాస్టిక్ వేలాడే కుండీ అయితే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. పన్నెండు అంగుళాల దాంట్లో మూడు మొక్కలు చాలు. అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి కొనండి. కింద ప్లేటు ఉంటే నీళ్లు నిలవకుండా తీసేయండి, లేదంటే వేర్లు కుళ్లిపోతాయి.

గ్రో బ్యాగ్ అంటే మట్టి నింపి మొక్కలు పెంచే సంచి. దాంట్లో మట్టి ఎక్కువ పడుతుంది కాబట్టి ఒక రోజు మర్చిపోయినా మొక్క తట్టుకుంటుంది. మిద్దె మీద పెడితే కింద రెండు ఇటుకలు వేయండి, కాయల కింద ఎండు వరిగడ్డి పరచండి. నత్తల కాపలా మాత్రం తప్పదు.

నా మాట అడిగితే, రోజూ ఇంట్లో ఉండి నీళ్లు పోయగలిగేవాళ్లకి ప్లాస్టిక్ వేలాడే కుండీయే మేలు. పండక్కి ఊరెళ్లే అలవాటుంటే గ్రో బ్యాగ్, అదీ పక్కింటివాళ్లకి ఒక మాట చెప్పి. పీచు బుట్ట రెండో ఏడాదికి ఉంచుకోండి.

దేంట్లో నాటినా ఆకులన్నీ పుట్టుకొచ్చే ఆ మొదలు మట్టి పైకి కనబడుతూ ఉండాలి. అది మట్టిలో పూడిపోతే కుళ్లుతుంది, మరీ పైకి తేలితే వేర్లు ఎండిపోతాయి. కుండీని ఐదారు గంటలు ఎండ తగిలే చోట, చెయ్యి అందే ఎత్తులో కట్టండి. రోజూ వేలు పెట్టి తడి చూడాల్సింది మీరే కదా.