హనుమకొండలో లెక్కలు రాయించుకున్నాను, మిషన్ తరుగుదల దగ్గరే నమ్మకం కుదిరింది

ఎనుమాముల మార్కెట్ దగ్గర మాది కారం పట్టే గిర్ని. నిరుడు కొత్త మిషన్ కొన్నాం. లారీ కిరాయి, ఫిట్టింగ్ కలిపి, జీఎస్టీ కాకుండా 4,00,000 అయింది. అంతకుముందు లెక్కలు రాసినాయన ఆ మొత్తాన్ని రిపేర్ల ఖర్చులో వేసేశాడు. పుస్తకంలో లాభం కాస్తా నష్టమైంది. ఆ కాగితం చూసి బ్యాంకువాళ్లు లోన్ పక్కన పెట్టారు. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఇంకా వేయలేదు కాబట్టి, తెలిసినవాళ్లు చెబితే హనుమకొండ చౌరస్తా దగ్గరున్న ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మేడమ్ ముందే కంప్యూటర్‌లో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తెరవలేదు. పొడుగు నోటుబుక్కులో తెలుగులోనే గళ్లు గీసింది: కొన్న తేదీ, తిరగడం మొదలైన తేదీ, ఖరీదు, తరుగుదల (మిషన్ పాతబడే కొద్దీ ఏటా ఖర్చుగా రాసుకునే విలువ), మిగిలిన విలువ. బిల్లులో 72,000 జీఎస్టీకి ఇన్‌పుట్ తీసుకున్నాం (మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకున్నాం) కాబట్టి అది ఖరీదులో కలపకూడదంది.

బిల్లు సెప్టెంబర్ 20 నాటిది, తరుగుదల పూర్తి 15 శాతం వేయమన్నాను. "అన్నా, బిల్లు తేదీ ఒక్కటే చూస్తే కాదు. మిషన్ ఎప్పుడు తిరిగింది?" అని కరెంటు బిల్లులు అడిగింది. వైరింగ్ ఆలస్యమై నవంబర్ ఆఖర్లో గానీ మిషన్ తిరగలేదు. మార్చి 31కి 180 రోజులు నిండలేదు, అందుకని ఆ ఏడాదికి సగమే, అంటే 30,000. మిగిలింది ఎక్కడికీ పోదని, వచ్చే ఏడాది 3,70,000 మీద 15 శాతం, 55,500 వస్తుందని అక్కడే వేసి చూపించింది. నేను అడిగినట్టు రాసిచ్చి ఫీజు తీసుకుని ఉండొచ్చు. రాయలేదు. అందుకే ఇంకెక్కడికీ వెళ్లదల్చుకోలేదు.

ఎప్పుడో 2,500కి అమ్మేసిన పాత కంప్యూటర్ ఇంకా పుస్తకంలోనే ఉందని పట్టుకున్నది కూడా ఆమే. ఆ డబ్బు కంప్యూటర్ల లెక్కలోంచి తీసేసింది. గిర్ని ఉన్న జాగాకు మాత్రం తరుగుదల ఉండదట, షెడ్డుకే.

ఫీజు 6,000 తీసుకున్నారు, నాకు ఎక్కువనిపించలేదు. ఇబ్బంది ఒక్కటే, జూలైలో రద్దీ విపరీతం. ఫోన్ ఎత్తరు, రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఏప్రిల్, మేలో వెళ్లండి. మిషన్ బిల్లుతో పాటు లారీ రసీదు, మొదటి నెల కరెంటు బిల్లు తప్పకుండా పట్టుకెళ్లండి.